ఖాళీ కుర్చీ, నిలబడ్డ కోడలు

మొహమాటం అన్న మాట ఎవడు పుట్టిచ్చిండో గానీ, వాడు నాకు ఒక్కసారి దొరికితె బాగుండు. మొన్న మా చెల్లె మనుమరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. మనసు మంచిగ లేక ఒక కౌన్సిలర్ దగ్గరికి పోతున్నదంట. పోయినప్పుడల్ల ఆమె ముందర కూసుంటె నోట్లెకెల్లి మాట వస్తలేదంట. "ఇంకొకరి దగ్గరికి పోత అంటె ఆమె ఏమనుకుంటదో అమ్మమ్మా, మొహమాటమైతున్నది" అన్నది. నాకు ఎక్కడ్నో కాలింది. నీ మనసు, నీ నిద్ర, నీ పానం. నడుమ ఆమె అనుకునేదేంది?

ఫోన్లనే తిట్టిన. పెట్టేసినంక ఆలోచిస్తె, తిట్టాల్సింది ఆ పిల్లను గాదని తెలిసింది. తిట్టాల్సినోల్లు వేరే ఉన్నరు, వాళ్ళను అప్పుడు తిట్టిన సుత. అయినా నా కోపం ఇప్పటికీ తీరలేదు. మీ అసొంటి చిన్నోల్లు చదువుతరని ఆ ముచ్చట రాస్తున్న.

నా నౌకరి అంత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంటనే నడిచింది. ఒకప్పుడు మూడూ ఒక్క పాలమూరు జిల్లనే, తర్వాత ముక్కలు జేసిండ్రు. సర్కారు దవాఖానలల్ల మనసు బాగలేనోల్లతోని మాట్లాడుడు నా పని. లింగాల దిక్కు ఉండే మా ఇంటోల్లకు నా నౌకరి ఏందో ఇప్పటికీ సమజ్ కాలే. "ముచ్చట్లు పెడితె జీతమిస్తరా నీకు" అని మా అన్న చచ్చేదాంక నవ్విండు. ఇది ఏ దవాఖానల జరిగిందో చెప్పను. మూడిట్ల ఏదో ఒకటి అనుకోండ్రి. చెప్తె ఇయ్యాల సుత నా మీదికి లేచేటోల్లున్నరు.

అక్కడ మేము ఇద్దరం కౌన్సిలర్లం. నాకంటె పెద్దాయన ఒకరు, అందరు పెద్దసార్ అనేటోల్లు. ఇంక మందులు రాసే డాక్టరు వారానికోసారి వచ్చేటోడు. మా ఇద్దరికి ఒక్కటే రూము. నడుమ బీరువ అడ్డం పెట్టి రెండు రూములన్నరు. బీరువకు ఈ పక్క నేను, ఆ పక్క ఆయన. ఎవరన్న గుసగుస పెట్టినా రెండు దిక్కుల వినపడేది. కడుపుల మాట చెప్పుకోమని పిలిచి, కూసోబెట్టింది గసొంటి తావుల. ఓపీ చీటీ మీద ఎవరి పేరు రాస్తె వాళ్ళ దగ్గరికే పోవాలె. నచ్చినా, నచ్చకున్నా.

పెద్దసార్ చెడ్డోడు గాదు, ముందే చెప్తున్న. తాగుడు మానలేనోల్లను ఎంతమందినో మనుషుల్ల పడేసిండు. ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. ఎవరొచ్చినా ముందుగాల, "ఏ ఊరు బిడ్డా? ఎవరింటోల్లు?" అని అడిగేటోడు. ఊరు చెప్తె ఆ ఊర్ల తనకు తెలిసినోల్ల పేర్లు తీసేటోడు. అటు తిప్పి ఇటు తిప్పి ఏదో ఒక వరుస కలిపేటోడు. "అరె, అయితె నువ్వు నాకు అల్లునివిరా" అనంగనే ఎదుటోడు సగం దుఃఖం మర్చిపోయేటోడు. మన దిక్కు మర్యాద అదే గద. వరుస కలిపినంకనే మాట మొదలైతది. వరుస కలవకపోతె కులం బయటపడ్తది, అది ఇంకో తిప్పలు. గని ఆ సంగతి ఎవరు పట్టించుకున్నరు? పెద్దసార్‌ను చూసి నేర్చుకొమ్మని కొత్తగ వచ్చినోల్లకు చెప్పేటోల్లు.

ఒక దినం ఒక బాలింత వచ్చింది. పుట్టిల్లు గట్టు మండలం దిక్కు, అత్తగారిది కృష్ణ ఒడ్డుకు ఒక ఊరు. పెనిమిటి పుణె దిక్కు కూలికి పోయిండు, మామ చచ్చిపోయిండు, ఇంట్ల అత్తదే పెత్తనం. పాలు తాగే ఆడపిల్ల ఉన్నది. కాన్పైనకెల్లి ఈమెకు నిద్ర లేదు, తిండి లేదు, పిల్లను ఎత్తుకోదు. దయ్యం పట్టిందన్నరు, తాయెత్తు గట్టిచ్చిండ్రు, ఆఖరుకు దవాఖానకు తెచ్చిండ్రు. కాన్పు తర్వాత కొందరు ఆడోల్లకు గిట్ల అయితది, మందులతోని, మాటలతోని నయమైతది. డాక్టరు గోలీలు రాసి, మాట్లాడేటందుకు పెద్దసార్ దగ్గరికి పంపిండు. అత్త పిల్లను సంకల ఏసుకొని బయట బెంచి మీద కూసున్నది. బెంచి మీద పక్కనోల్లతోని చెప్తున్నది, "మా పెద్ద బిడ్డకు పిల్లలు లేరు, అలంపూర్ల దుకాణం పెట్టుకొని మంచిగున్నరు. ఈమెకు నయం కాకుంటె పిల్లను వాళ్ళకే దత్తతిస్తం" అని. కూరగాయల ముచ్చట చెప్పినట్టు చెప్పింది.

బీరువ సందులకెల్లి చూసిన. ఆ బాలింత కుర్చీల కూసున్నది. ఒళ్ళంత పీక్కపోయి కండ్లు మాత్రమె మిగిలినయి. పెద్దసార్ మొదలుపెట్టిండు. ఏ ఊరు, ఎవరింట్ల ఇచ్చిండ్రు, మామ పేరేంది, తాత పేరేంది. ఆఖరుకు తొడ మీద చెయ్యి కొట్టుకున్నడు. "అరె, మీ మామ నాకు తమ్ముని వరుస గద బిడ్డా. నువ్వు మా ఇంటి కోడలివే."

ఆ పిల్ల దిగ్గున లేచి నిలబడ్డది. కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. గోడకు ఆనుకొని తలకాయ కిందికేసింది.

"కూసో బిడ్డా, కూసో" అన్నడు ఆయన.

"వద్దు మామా" అన్నది.

పెద్దమామ ముందర కోడలు కూసుంటదా? ఆ ఇండ్లల్ల కూసోదు. అత్త గురించి తప్పు మాట అంటదా? పానం పోయినా అనదు. ఆనాటికెల్లి ఎన్ని వారాలు వచ్చినా నిలబడే ఉన్నది. ఖాళీ కుర్చీ ముందర పెట్టుకొని ఆయన అడుగుడు, గోడకు ఆనుకొని ఆమె "మంచిగనే ఉన్న మామా" అనుడు. ఇంట్ల ఎట్లున్నదంటె మంచిగున్నది. నిద్ర వస్తున్నదా అంటె వస్తున్నది. కండ్ల కింద నల్లగ బొగ్గు పూసినట్టున్నది, నిద్ర వస్తున్నదంట.

ఆమె పోయినంక నేను బీరువ తిరిగొచ్చిన. "సార్, నిలబడుకుంట ఎవరన్న కడుపుల మాట చెప్తరా?"

"అది సంస్కారం మేడం" అన్నడు. పైకెల్లి మురుసుకుంట అన్నడు. "ఈ కాలంల అసొంటి కోడండ్లు ఎక్కడున్నరు?"

"మీకు కోడలు దొరికింది సార్, మంచిగనే ఉన్నది. మరి ఆమెకు కౌన్సిలర్ ఎక్కడ దొరకాలె?"

ఆయన ముఖం మాడ్చుకున్నడు. "మా ఇంటి పిల్లకు నేను చెడుపు చేస్తనా?" అన్నడు. చెడుపు చేస్తడని నేను ఎప్పుడన్న? చెడుపు చేసేటోనితోని కొట్లాడుడు అల్కగుంటది. మంచోని మీద వచ్చిన కోపం తొందరగ దిగదు.

డాక్టర్‌ను అడిగిన, ఆమెను ఇంకొకరి దగ్గరికి మార్చమని. ఆయన నవ్విండు. "ఇదేమన్నా చెప్పుల దుకాణమా మేడం, నాలుగు జతలు తొడిగి చూసుకోడానికి?"

"చెప్పులకైతె తొడిగి చూసుకోనిస్తం గద సార్. మనసుకైతె ఏది ముందర పెడితె అదే తొడుక్కోవాల్నా?"

"ఒకరికి మారిస్తే రేపు అందరూ అడుగుతారు" అన్నడు. అడిగితె అడగని. అడిగితె నీ ముల్లె ఏం పోతది? గీ మాట పైకి అనలేదు, అన్నట్టే చూసిన.

ఒక వారం పెద్దసార్ సెలవు పెట్టిండు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. కూసున్నది. నాకు పానం లేచొచ్చింది. జర సేపటికి నోరు విప్పింది. "పిల్ల ఏడుస్తె నా చేతులు లేస్తలేవు మేడం. ఎత్తుకుందమనే ఉంటది. చేతులు లేస్తలేవు. నేను ఎత్తుకునే లోపట మా అత్త వచ్చి ఎత్తుకపోతది. నీళ్ళు సుత ఆమెనే పోస్తది. నువ్వు కింద పడేస్తవ్ అంటది."

నాకు కోపం ఆగలే. "గిదేం అత్త బిడ్డా? కన్నది నువ్వా, ఆమెనా? పిల్లను ముట్టనీయకపోతె చేతులు ఎట్ల లేస్తయ్? ఆమె తానకు నేనే వచ్చి కడిగేస్త" అన్న. ఇంక శానా అన్న. అలంపూర్ ఆడబిడ్డను సుత కలిపి అన్న. నా గుణం గంతే, అన్యాయం వింటె నెత్తికెక్కుతది.

ఆ పిల్ల నా దిక్కు చూసింది. "మా అత్త గంత చెడ్డదేం గాదు మేడం" అన్నది. కాన్పప్పుడు రాత్రంత కాళ్ళు పిసికిందంట. తన నోట్ల ముద్ద తీసి ఈమెకు పెట్టిందంట. అట్ల అత్తను మెచ్చుకుంటనే లేచిపోయింది. నేను మాత్రం అనుకున్న, పిల్ల నోరు విప్పింది, ఇంక నా దగ్గర పడ్డట్టే అని.

మళ్ళ వారం పెద్దసార్ వచ్చిండు. మళ్ళ అదే గోడ, అదే కొంగు.

ఇంక అసలు దినం. ఆనాడు డాక్టరు వచ్చే రోజు, పెద్దసార్ పక్కనే కూసున్నడు. అత్త పిల్లను ఎత్తుకొని సీద లోపలికే వచ్చింది, ఎనుక కోడలు. అత్త సుత పెద్దసార్ ముందర కూసోలేదు, ఆమెకు ఆయన బావ వరుస గద. ఇద్దరూ నిలబడ్డరు. ఖాళీ కుర్చీలు రెండు.

"బావా, అలంపూర్ల బిడ్డ తొందర పెడుతున్నది" అన్నది అత్త. "పిల్లను ఇచ్చేస్తం. రేపు ఈమె పుట్టింటోల్లు గట్టు నుంచి వచ్చి పంచాయితి పెడితె నేనేం చెప్పాలె? ఈమెతోని పిల్ల సాకుడు కాదని దవాఖానోల్లే చెప్పిండ్రు అంటె ఎవ్వరు నోరెత్తరు. నువ్వు ఒక్క మాట చెప్పు."

పెద్దసార్ డాక్టరు దిక్కు చూసిండు. గొంతు సవరించుకున్నడు. "ఈ పిల్ల సహకరిస్తలేదు సార్. ఎంత అడిగినా లోపలి మాట చెప్తలేదు. కొన్నొద్దులు ఆడబిడ్డ దగ్గరుంటె పసిపిల్లకు మంచిదేమో."

సహకరిస్తలేదు. ఆ మాట మీద నాకు ఉన్నంత కోపం పామును చూసినా రాదు. మనం అడిగిన తీరుకు వాళ్ళు చెప్పకపోతె, తప్పు వాళ్ళదంట. కోడలు గోడకు అతుక్కపోయి నిలబడ్డది. కండ్లు పిల్ల మీదనే ఉన్నయి. అత్త సంకల ఆ పిల్ల బొటనవేలు చీకుకుంట నవ్వుతున్నది.

బీరువ తిరిగి పోయిన. "ఎవరు సహకరిస్తలేరు సార్?" అన్న. "ఇన్ని వారాలు ఆమెను నిలబెట్టి అడిగిండ్రు మీరు. నేను మామనైత అన్నది మీరు. మామకు అత్త మీద చాడీ చెప్తదా కోడలు? డాక్టర్‌సార్, మీరన్న వినుండ్రి. ఆమెకు ఎవరు కావాల్నో ఒక్కసారి ఆమెనే అడగండ్రి. అడిగినా ఇయ్యం అంటె, ఆ మాటే చీటీ మీద రాసి సంతకం పెట్టుండ్రి. ఆమె అడిగింది, మేము ఇయ్యలేదు అని."

పెద్దసార్ ముఖం ఎర్రగైంది. డాక్టరు నన్ను చూసిండు, సంతకం మాట ఆయనకు నచ్చలేదు. "సరే, అడగండి" అన్నడు.

"చెప్పు బిడ్డా" అన్న. "నీకు ఎవరితోని మాట్లాడాలనున్నది?" నా పేరే చెప్తదని నాకు పక్కా. చీర కొంగు సుత సదురుకున్న.

ఆమె పెద్దసార్‌ను చూసింది. నన్ను చూసింది. నన్ను దాటి మూలకు చూసింది.

మూలకు స్టూలు మీద ఒక పిలగాడు అన్నం డబ్బ విప్పుకొని కూసున్నడు. పక్క జిల్లల కొత్తగ వచ్చిన కౌన్సిలర్. గోదావరి దిక్కోడు. ఏదో కాగితం మీద మా డాక్టరు సంతకానికి వచ్చిండు. ఈయనకు మన మాటే తెల్వదు, మన మనసులేం తెలుస్తయని మేమంత నవ్వుకునేటోల్లం. నేను సుత నవ్విన.

"సారూ, నీది ఏ ఊరు?" అని అడిగింది కోడలు. అన్ని వారాలల్ల ఆమె ఎవరినన్న ఒక ముచ్చట అడగంగ వినుడు నాకు అదే మొదలు.

ఆయన నోట్ల ముద్ద మింగి లేచి నిలబడ్డడు. "గోదావరి అవతల అండి. చిన్న ఊరు, మీరు విని ఉండరు."

"మా గట్టు దిక్కు మీ చుట్టాలున్నరా?"

"లేరండి."

అత్తగారి ఊరి పేరు చెప్పింది. "గా ఊర్ల?"

"ఆ పేరే ఇప్పుడు వింటున్నానండి."

"గద్వాల్ల, వనపర్తిల, ఎక్కడన్న? అలంపూర్ల?"

"మా ఇంటి ఓనరు గారు తప్ప ఇటువైపు నాకు ఎవరూ తెలీదండి."

"ఒక్కరు సుత?"

"ఒక్కరు కూడా లేరండి. మీరు కూర్చోండి ముందు, నిలబడే ఉన్నారు."

ఆమె కుర్చీ గుంజుకొని కూసున్నది. పెద్దమామ ముందర, అత్త ముందర, డాక్టరు ముందర కూసున్నది. కొంగు నెత్తి మీదికెల్లి జారి భుజం మీద పడ్డది. మళ్ళ ఎక్కిచ్చుకోలేదు.

"గీ సార్‌తోని మాట్లాడ్త" అన్నది.

అత్త బుగ్గలు నొక్కుకున్నది. "పొరుగు దేశపోడు, వయసు పిలగాడు, ఊరు తెల్వదు, వంశం తెల్వదు" అన్నది. అందుకేనమ్మా, అందుకే. ఆ దినం దాంక నాకు సుత సమజ్ కాలే. వరుస కలపంది ఎవరినీ నమ్మని తావుల, ఆమెకు వరుసే లేని మనిషి కావాల్సి వచ్చిండు.

డాక్టరు జిల్లా అడ్డం పెట్టిండు. మన జిల్లా పేషెంటు పక్క జిల్లకు ఎట్ల పోతదంట. మొన్నటిదాంక ఒక్కటే జిల్ల గద సార్, గీత గీసినోల్లు ఆమెను అడిగి గీసిండ్రా అన్న. చీటీ, సంతకం మళ్ళ గుర్తు జేసిన. ఆఖరుకు ఒప్పుకున్నడు. అత్తకు మాత్రం ఒక్కటి గట్టిగ చెప్పిండు, ఆ మాటకు మాత్రం ఆయనకు దండం పెట్టిన. "వైద్యం అయ్యేదాకా పిల్ల గురించి మేము ఏ మాటా చెప్పం. చెప్పామని మీరూ చెప్పకండి." దవాఖాన మాట లేకుంటె కోడలి పుట్టింటోల్ల ముందర నిలబడుడు అత్తకు కష్టం. అత్త గొణుక్కుంట ఊకున్నది.

పోయేటప్పుడు కోడలిని వరండల ఆపిన. కోపం దాచుకునే గుణం నాది గాదు. "నీ కోసం ఇంత కొట్లాడిన. నేనేం తక్కువైన నీకు?"

"నువ్వు లేకుంటె నేను నోరెత్తకపోదును మేడం" అన్నది. "గని నువ్వు మా అత్తను తిట్టంగనే నేను అత్త దిక్కైపోయిన. నాకు వచ్చే కోపం సుత నువ్వే పడ్డవ్. ఇంటికి పోయినంక ఏడ్పొచ్చింది, ఎందుకొచ్చిందో తెల్వలే."

నాది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అది నా గుణం. పెద్దసార్‌ది ఆయన గుణం. మా గుణాలు వేరేటోల్లకు పనికొచ్చినయి, ఆమెకు పడలే, గంతే. పడలేదని చెప్పేటందుకు ఆమెకు ఒక తొవ్వ ఉండాలె గద. ఆ తొవ్వ మూసినోల్ల మీదనే నా కోపం. పెద్దసార్ మాత్రం మళ్ళ నాతోని మాట్లాడలే. బీరువకు ఆ పక్కకెల్లి దగ్గు వినపడేది, అంతే.

ఆమె వారం వారం బస్సెక్కి పోయింది. పిల్ల పాలకు ఏడుస్తదని అత్త సుత ఎనుకనే పోయేది, తిట్టుకుంట. ఆ పిలగానికి ఆమె ఏం చెప్పిందో నాకు తెల్వదు. ఒకసారి మీటింగ్ల కలిసిండు. అడగబుద్ధైంది, అడగలే. తనంతట తానే ఒక్కటి చెప్పిండు. "ఆవిడ మాటల్లో సగం నాకు అర్థం కావండి. అంటే ఏంటండీ అని అడుగుతాను. ఆవిడ నవ్వి, మళ్ళీ మొదట్నించి చెబుతారు." ఆమెను "ఆవిడ" అన్నడు. కాన్పైనకెల్లి ఆ పిల్లను పిచ్చిది అనుడే విన్న నేను.

ఎండకాలం దాటినంక గద్వాల బస్టాండుల అత్త కనపడ్డది. ఒక్కతే ఉన్నది, సంకల పిల్ల లేదు. అలంపూర్ ఆడబిడ్డకు ఇచ్చేసిండ్రా అనుకున్న.

"పిల్లేది?" అన్న.

"ఏదేంది, ఇంట్లున్నది. వాళ్ళమ్మ దగ్గర." అని నా మీదికే లేచింది. "ఏం నేర్పిండో మేడం ఆ గోదావరి పిలగాడు. నా కోడలు ఇప్పుడు నా ముందర్నే కూసుంటున్నది. కాళ్ళు సాపుకొని కూసుంటది. ఆ కాళ్ళ మీద పిల్లను పండుకోబెట్టి నీళ్ళు పోస్తది. నేను పోస్త అంటె, నువ్వు కూసో అత్తమ్మా అంటది. నన్ను. చెంబు సుత ముట్టనీయదు."

నేను బయటికే నవ్విన. ఆమెకు ఇంక మండింది.

"నవ్వుతవేంది? నేను మా అత్త ముందర ఏనాడన్న అట్ల కూసున్ననా? ఇన్నేండ్లల్ల ఎవ్వరి ముందర కూసోలె నేను, ఎవ్వరికి ఒక్క మాట చెప్పలె."

ఆమె ఊరి బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నరు. ఆమె లేవలే. కొంగు కొసను వేలికి చుట్టుకుంట, నా దిక్కు చూడకుంటనే అడిగింది.

"ఆ సారు ఇంకా అదే దవాఖానల ఉన్నడా మేడం?"